తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?

సంపాదకులకు నమస్కారం.

ఎక్కడైనా ఫ్యాక్టరీ తగలబడిందంటే మరుసటి రోజు అన్ని పేపర్లలోనూ వార్త చివర ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. అగ్నిమాపక పరికరాలు లేవనో, ఉన్నా పనిచేయలేదనో రాస్తారు. మీ పేపరులోనూ చాలాసార్లు చూశాను. ఆ వార్త వచ్చిన వారం రోజులూ నా ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ పరికరాలు అమ్మేది, రీఫిల్ చేసేది నేనే. కాబట్టి ఆ వాక్యం నా పొట్టకు మేలు చేసేదే. అయినా దాని గురించే ఫిర్యాదు చేద్దామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది హిందూపురం. పెళ్లికి ముందే బెంగళూరు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. పీణ్య, రాజగోపాలనగర, లగ్గెరె, కామాక్షిపాళ్య ఏరియాల్లో చిన్న ఫ్యాక్టరీలకు, గోడౌన్లకు ఎర్ర సిలిండర్లు వేయడం, ఏడాదికోసారి వెళ్లి చూడడం, పౌడర్ గడ్డకట్టి ఉంటే మార్చడం, గ్యాస్ తగ్గితే నింపడం, తనిఖీ తేదీ రాసిన కొత్త ట్యాగ్ కట్టడం నా పని. కుట్టు యూనిట్లు, బ్యాగుల తయారీ, ఫోమ్ కట్ చేసేవాళ్లు, ప్లాస్టిక్ దాణా (గింజలు) ఆడించేవాళ్లు, అగరబత్తీల వాళ్లు... నేను మెట్లు ఎక్కని సందు ఆ వైపు తక్కువ. ఓనర్లు నన్ను ఎలక్ట్రీషియన్‌ని చూసినట్టే చూస్తారు, అంటే అసలు చూడరు. అందువల్ల ఆఫీసర్లకు కనబడనివి నాకు కనబడుతుంటాయి.

ముందు నా సరుకు గురించే చెబుతాను. ఆరు కేజీల పౌడర్ సిలిండర్ పిన్ను లాగి నొక్కితే ఇరవై సెకన్లు కూడా రాదు. ఆ కాసేపట్లో చెత్తడబ్బాలో మంట ఆర్పొచ్చు. స్విచ్ బోర్డు దగ్గర రాజుకున్నది ఆర్పొచ్చు. అదీ పక్కనున్న మనిషికి పిన్ను ఎలా లాగాలో తెలిసి ఉంటే, ముందు మూతిని మంట మొదలు వైపు తిప్పాలని ఎవరైనా చెప్పి ఉంటే. బట్ట ముక్కల మూటలు అంటుకుని మంట సీలింగ్ దాకా లేచాక ఇక సిలిండర్ చేసేది ఏమీ లేదు, దాన్ని అక్కడే పడేసి పరుగెత్తాలి. ఫోమ్ షీట్లు అంటుకుంటే ఆ కాస్త టైము కూడా ఉండదు. ఆ పొగ నల్లగా, జిగటగా కిందికి దిగుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, సైనైడ్ కూడా ఉంటుంది. చాలామంది మంట తగలకముందే ఆ పొగకే పడిపోతారు. అప్పుడు మనిషిని కాపాడేది తలుపు ఒక్కటే. తలుపు తీసి ఉందా, తోస్తే తెరుచుకుంటుందా, దాని వెనక మెట్లు ఖాళీగా ఉన్నాయా అన్నవే లెక్క. నా సిలిండర్ గోడకి ఎంత ఎర్రగా మెరుస్తున్నా సరే.

ఆ మధ్య ఒక బ్యాగులు కుట్టే యూనిట్‌కి వెళ్లాను. పేరు, వీధి చెప్పను. మూడో అంతస్తు. ఎదురుగా మెయిన్ మెట్లు, లిఫ్ట్ లేదు. నాలుగు లైన్లుగా మిషన్లు, లైన్ల మధ్య కుట్టాల్సిన బండిళ్లు, తల పైన వేలాడే వైర్లు. వెనక గోడకి 'ఎగ్జిట్' అని పచ్చ స్టిక్కర్ ఉంది. దాని కింద సీలింగ్ ఎత్తు దాకా అట్టపెట్టెలు. నా సిలిండర్ ఒకటి ఆ పెట్టెల వెనకే ఉంది, పక్కకు జరపమన్నాను. హెల్పర్ కుర్రాళ్లు ఇద్దరు జరిపారు. వెనకాల ఇనుప తలుపు, దానికి గొళ్లెం, గొళ్లేనికి అరచేయంత తాళం. చెవి ఎక్కడుందని అడిగితే సెక్యూరిటీ దగ్గర అన్నారు. సెక్యూరిటీ టీకి పోయాడు. వచ్చాక చూస్తే ఆ గుత్తిలో ఈ తాళం చెవి లేదు, ఓనర్ బావమరిది దగ్గర ఉందన్నాడు. నేను ఆ అంతస్తులోని సిలిండర్లన్నీ చూసి, ట్యాగులు కట్టి, బిల్లు రాసుకునేసరికి బావమరిది వచ్చాడు. తాళం తుప్పు పట్టి తిరగలేదు. మిషన్ ఆయిల్ పోసి, సుత్తితో తట్టి తీశారు. తలుపు లోపలివైపుకి తెరుచుకునేది. తీస్తే వెనక మెట్ల నిండా కటింగ్ వేస్ట్ మూటలు, పాత ఫోమ్, విరిగిన కుర్చీలు. కింది అంతస్తు దాకా అలాగే.

దగ్గర్లో మిషన్ మీద ఉన్న ఒకామె లేచి వచ్చి తొంగి చూసింది. నా ఫోన్ మాటల్లో తెలుగు విని ఉంటుంది. "అన్నా, ఇక్కడ మెట్లు ఉన్నాయా?" అంది. మడకశిర వైపు మనిషి. నాలుగేళ్లుగా ఆ తలుపుకు పది అడుగుల దూరంలో కూర్చుని జిప్పులు కుడుతోంది. ఆ పెట్టెల వెనక గోడే ఉందనుకుందట. సూపర్‌వైజర్ కేకేస్తే మళ్లీ వెళ్లి కూర్చుంది, ఆ రోజు టార్గెట్ ఇంకా మిగిలే ఉంది మరి.

ఓనర్‌తో మాట్లాడాను. దుర్మార్గుడేమీ కాదు. జీతాలు నెల దాటనివ్వడు, ఆయుధపూజకు అందరికీ బట్టలు పెడతాడు. "ఆ డోర్ తెరిచి పెడితే సరుకు పోతుందప్పా" అన్నాడు. రెండుసార్లు జిప్పుల రోల్స్ కిందికి దిగిపోయాయట, కుర్రాళ్లు సిగరెట్లకు ఆ మెట్ల మీదకే పోయేవాళ్లట. చోరీ భయం అబద్ధం అనను. కాస్త మార్జిన్ మీద బతికే మనిషికి రోల్ పోతే నొప్పే. కానీ రోల్ పోతుందని అరవై మందిని లోపల పెట్టి తాళం వేయడం ఏ లెక్కలో సరిపోతుందో నాకు అర్థం కాలేదు, ఆయనా చెప్పలేకపోయాడు. నేను తనిఖీ లిస్టులో 'వెనక ద్వారం మూసి ఉంది' అని రాశాను. ఆ లైన్ తీసేయమన్నాడు. తీయలేదు. మరుసటి ఏడాది నన్ను పిలవలేదు. 'బరీ ట్యాగ్ ఛేంజ్ మాడి' (ట్యాగ్ ఒక్కటి మార్చండి చాలు) అని ఓనర్ కన్నడలో అంటే, సిలిండర్ దించకుండా తేదీ ఒక్కటి మార్చి పోయేవాళ్లు ఈ ఊళ్లో కావలసినంత మంది ఉన్నారు. వాళ్ల ట్యాగులు మా ట్యాగుల కంటే అందంగా ఉంటాయి కూడా.

ఈ తాళం ఇప్పటిది కాదు. నేను ఈ పనిలో చేరిన కొత్తలో మాకు క్లాసు చెప్పిన రిటైర్డ్ ఫైర్ ఆఫీసర్ ఒకాయన సిలిండర్ ముట్టుకోకముందే న్యూయార్క్ సంగతి మొదలుపెట్టాడు. తర్వాత మా అమ్మాయి చేత ఫోన్‌లో వెతికించి మిగతాది తెలుసుకున్నాను. 1911 మార్చి 25, శనివారం, సాయంత్రం నాలుగున్నర దాటింది. ట్రయాంగిల్ అనే కంపెనీ, ఆడవాళ్ల జాకెట్లు కుట్టేది, పదంతస్తుల బిల్డింగులో పై మూడు అంతస్తులు దానివే. పని ఆపి జీతం తీసుకుని ఇంటికి పోయే వేళ. ఎనిమిదో అంతస్తులో కటింగ్ టేబుల్ కింద బట్ట ముక్కల డబ్బా అంటుకుంది. ఎవరో ఆర్పకుండా పడేసిన సిగరెట్టో అగ్గిపుల్లో అని అనుకున్నారు. ఆ ముక్కలు ఎత్తి నెలలు గడిచాయి. బకెట్లతో నీళ్లు పోశారు, ఆగలేదు. నీళ్ల గొట్టం లాగితే అందులో నీళ్లు రాలేదు.

పదో అంతస్తులో ఓనర్లు ఉన్నారు, వాళ్లకు ఫోన్ వెళ్లింది, చాలామంది టెర్రస్ మీదుగా పక్క బిల్డింగుకి దాటేశారు. మధ్యలో తొమ్మిదో అంతస్తుకు మాత్రం ఎవరూ చెప్పలేదు. రెండు వందల మందికి పైగా ఆడపిల్లలు మిషన్ల మీద ఉన్నారు, మంట కిటికీలోంచి లోపలికి వచ్చాకే వాళ్లకు తెలిసింది. ఒక వైపు మెట్లు మంటల్లో ఉన్నాయి. ఇంకో వైపు తలుపుకి తాళం. ఎందుకు? ఇంటికి పోయేటప్పుడు అందరూ ఒకే దారిలో పోవాలి, చేతిసంచులు చెక్ చేయాలి, జాకెట్ పీసు ఎవరూ దాచుకుపోకూడదు. వెనకవైపు ఇనుప మెట్లు మనుషుల బరువుకి ఊడి పడిపోయాయి. లిఫ్టు నడిపే ఇద్దరు కుర్రాళ్లు పైకీ కిందికీ తిరిగి ఎక్కించుకోగలిగినంత మందిని దించారు. ఫైరింజన్ నిచ్చెన ఆరో అంతస్తు దాటి పోలేదు. జనం చూస్తుండగా పిల్లలు కిటికీల్లోంచి దూకారు. మొత్తం 146 మంది చనిపోయారు, వాళ్లలో 123 మంది ఆడవాళ్లు. పధ్నాలుగేళ్ల పిల్లలు కూడా ఉన్నారు. ఎక్కువ మంది ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చిన కుటుంబాల వాళ్లు. మన పీణ్యలో రాయచూరు, మడకశిర, ఒడిశా, బీహార్ వాళ్లు ఉన్నట్టే.

నన్ను ఎక్కువ కదిలించింది దాని తర్వాత జరిగింది. ఓనర్లిద్దరి మీద కేసు నడిచింది. తాళం వేసి ఉన్న సంగతి వాళ్లకు తెలుసని రుజువు కాలేదని అదే ఏడాది డిసెంబరులో వదిలేశారు. కేసు వేసిన మృతుల ఇళ్లకు 1914లో మనిషికి 75 డాలర్ల చొప్పున ఇచ్చి సర్దుకున్నారు. నష్టం కంటే ఎక్కువే ఇన్సూరెన్స్ డబ్బు వాళ్లకు అప్పటికే అందింది. ఆ ఇద్దరిలో ఒకాయన 1913లో, అంటే ఇంతమంది పోయిన రెండేళ్లకు, కొత్త ఫ్యాక్టరీలో మళ్లీ తలుపుకి తాళం వేసి దొరికాడు. జరిమానా ఇరవై డాలర్లు.

ఇది చదివాక మనుషులు బుద్ధి తెచ్చుకుని మారతారని నేను ఎదురుచూడడం మానేశాను. మార్చింది వేరే సంగతి. ఆ మంటను రోడ్డు మీద నిలబడి చూసిన వాళ్లలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే ఆవిడ ఉంది. న్యూయార్క్ రాష్ట్రం ఫ్యాక్టరీల మీద విచారణ కమిషన్ వేసినప్పుడు ఆవిడ దానికి పనిచేసింది, చట్టాలు చేసే పెద్దమనుషులను ఫ్యాక్టరీల్లోకి తీసుకువెళ్లి చూపించింది. ఆ కమిషన్ వల్ల కొన్నేళ్లలోనే ముప్పైకి పైగా చట్టాలు వచ్చాయి. పని జరుగుతున్నంతసేపు తలుపుకి తాళం ఉండకూడదు, తలుపు బయటికి తెరుచుకోవాలి, డ్రిల్ చేయాలి, ఎత్తైన బిల్డింగుల్లో నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు పెట్టాలి అని రాశారు. స్ప్రింక్లర్లు 1911లో కూడా దొరికేవి, పెట్టలేదంతే. ఆవిడ 1933లో అమెరికా కార్మిక మంత్రి అయింది, ఆ దేశ క్యాబినెట్‌లో మొదటి మహిళ. ఇంకో సంగతి. ఈ మంటకు ముందు, 1909లో, ఆ ఊళ్లో జాకెట్లు కుట్టే ఆడపిల్లలు ఇరవై వేల మంది దాకా సమ్మె చేశారు. చాలా కంపెనీలు దిగొచ్చాయి. యూనియన్‌ను ఒప్పుకోని కంపెనీల్లో ఈ ట్రయాంగిల్ ఒకటి.

నూరేళ్ల తర్వాతి సంగతులు మన పక్కనే ఉన్నాయి. 2012 సెప్టెంబర్ 11న కరాచీలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీ కాలి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఇనుప చువ్వలు, తలుపులకు తాళాలు. అంతకు కొన్ని వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి అంతర్జాతీయ సర్టిఫికెట్ వచ్చింది, కార్మికుల భద్రత బాగుందని. కావాలనే నిప్పు పెట్టారని తర్వాత కోర్టు తేల్చింది, అది నిజమే. కానీ నిప్పు ఎవరు పెట్టినా తలుపుకి తాళం వేసింది వేరే చెయ్యి. అదే ఏడాది నవంబర్ 24న ఢాకా దగ్గర తజ్రీన్ ఫ్యాక్టరీలో కనీసం 112 మంది పోయారు. అక్కడ అలారం మోగింది. మోగినా 'ఏమీ కాలేదు, కూర్చుని కుట్టండి' అని మేనేజర్లు వెనక్కి పంపారు. అలారం వినబడితే లేచి వెళ్లిపోయే ధైర్యం ఎవరికి ఉంటుంది? లేస్తే సూపర్‌వైజర్ తిడతాడు, పీసులు తగ్గుతాయి. మా ఆవిడ తుమకూరు రోడ్డు మీద గార్మెంట్స్‌లో ఫినిషింగ్‌లో పనిచేస్తుంది. బాత్‌రూమ్‌కి రెండోసారి లేవాలంటేనే వాళ్ల లైన్లో టెన్షన్ అంటుంది.

మన దేశంలో చూస్తే, ఢిల్లీ అనాజ్ మండిలో 2019 డిసెంబర్ 8 తెల్లవారుజామున బ్యాగులు, ప్యాకింగ్ పనులు చేసే బిల్డింగులో నిద్రపోతున్న 43 మంది కూలీలు పోయారు. మన బెంగళూరులో 2010 ఫిబ్రవరి 23న పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద కార్ల్‌టన్ టవర్స్‌లో తొమ్మిది మంది. అది ఫ్యాక్టరీ కాదు, అద్దాల ఆఫీసు బిల్డింగు. పొగకు తట్టుకోలేక కిటికీలు పగలగొట్టి దూకిన వాళ్లను ఊరంతా టీవీలో చూసింది. ఆ తర్వాత కొన్నాళ్లు మాకు చేతినిండా పని దొరికింది. బెంగళూరు దగ్గర అత్తిబెలెలో 2023 అక్టోబర్ 7న బాణసంచా గోడౌన్ కాలినప్పుడూ అంతే. దీపావళి సీజన్‌లో నాలుగు డబ్బులు వస్తాయని తమిళనాడు నుంచి వచ్చిన కుర్రాళ్లే అందులో పోయిన వాళ్లలో ఎక్కువ మంది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, ప్రతిసారీ ముందు సిలిండర్ల లెక్క చూస్తారు. అచ్యుతాపురం, పాశమైలారం మందుల ఫ్యాక్టరీల ప్రమాదాల్లాంటివి వేరే రకం. అక్కడ సాల్వెంట్ ఆవిరి, పొడి, పేలుడు. వాటి గురించి నాలాంటి వాడు మాట్లాడకూడదు, దానికి కెమికల్ ఇంజనీర్లు ఉన్నారు.

పెద్ద ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీల గురించి ఒక మంచి మాట చెప్పాలి. 2013లో ఢాకా దగ్గర గార్మెంట్ ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా బిల్డింగు కూలి 1,100 మందికి పైగా చనిపోయాక బంగ్లాదేశ్‌లో అకార్డ్ అనే ఒప్పందం వచ్చింది. విదేశీ కంపెనీలు, యూనియన్లు కలిసి సంతకాలు పెట్టాయి. మామూలు హామీ పత్రం కాదది, తప్పితే బాధ్యత ఉండే ఒప్పందం. వాళ్ల ఇంజనీర్లు ఒక్కో ఫ్యాక్టరీ చూసి, లోపాల రిపోర్టు అందరూ చదివేలా బయటపెట్టారు. మెట్ల దగ్గర తాళం వేసే గేట్లు పీకించారు. ఇక్కడ బెంగళూరులో అలాంటిది లేకపోయినా బయ్యర్ల భయంతో పెద్ద ఫ్యాక్టరీలు చాలా మారాయి. నేల మీద పచ్చ గీతలు, కరెంటు పోయినా వెలిగే ఎగ్జిట్ లైట్లు, బయటికి తోస్తే తెరుచుకునే తలుపులు నేను చూశాను. డ్రిల్ కూడా చేస్తారు. ఆ డ్రిల్ ముందే అందరికీ తెలిసి ఉండడం, ఆ రోజు లైన్ల మధ్య బండిళ్లు మాయమవడం, మర్నాడు మళ్లీ ప్రత్యక్షమవడం వేరే కథ.

నా బాధ ఆ పెద్ద గేట్ల లోపలి గురించి అంత కాదు. ఆ పెద్ద ఫ్యాక్టరీ ఆర్డర్ ఎక్కువైతే కాలర్లు కుట్టడం ఒక సందుకు, బటన్లు ఇంకో సందుకు జాబ్ వర్క్‌కి పోతాయి. అక్కడ బయ్యర్ అడుగుపెట్టడు. ఇంటి కోసం కట్టిన బిల్డింగు, కింద షట్టర్, పైన ఓనర్ కాపురం, మధ్యలో మిషన్లు. కిటికీలకు దొంగల కోసం గ్రిల్స్. ఒకే మెట్లు, ఆ మెట్ల కిందే కరెంటు మీటర్లు, మీటర్ల పక్కనే స్కూటర్లు. మంట మొదలైతే మీటర్ల దగ్గరే మొదలవుతుంది, బయటికి పోయే దారి కూడా అదే. అక్కడ నేను రెండు సిలిండర్లు తగిలించి బిల్లు తీసుకుని వస్తే ఎవరిని మోసం చేసినట్టు?

చట్టం లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం మొదట రాసినప్పుడే 38వ సెక్షన్‌లో ఈ మాట ఉంది. లోపల మనిషి ఉన్నంతసేపు తలుపు లోపలి నుంచి వెంటనే తీయగలిగేలా ఉండాలి, తాళం వేయకూడదు, పక్కకు జరిగే తలుపు కాకపోతే బయటికి తెరుచుకోవాలి అని. అంటే మనకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే రాసి పెట్టుకున్నాం. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ అమల్లోకి వచ్చింది. ఇంతకుముందు కరెంటు మిషన్లు ఉన్న చోట పది మంది పనిచేస్తే ఫ్యాక్టరీ కింద లెక్క. ఇప్పుడు ఇరవై మంది ఉండాలి. పది మంది ఉన్న చోట్లకు కూడా కోడ్‌లో కొన్ని బాధ్యతలు ఉన్నాయి, లేవనను. కానీ ఫ్యాక్టరీ అన్న లెక్కలోంచి జారిపోయిన సందు యూనిట్‌కి ఎవరు వచ్చి చూస్తారు? ఇప్పటికే పదిహేను మంది ఉన్న చోట 'మేము ఎనిమిది మందిమే' అని రిజిస్టర్లో రాసుకునే వాళ్లను చూశాను. ఇన్‌స్పెక్టర్‌కి ఇప్పుడు 'ఫెసిలిటేటర్' అని కూడా తోక తగిలించారు. సాయం చేసేవాడు కూడా అని అర్థమట. సంతోషం, ముందు ఆ వెనక తలుపు తీయడానికి సాయం చేస్తే చాలు.

చోరీ భయానికి మందు లేదా అంటే ఉంది. పానిక్ బార్ అని తలుపుకి అడ్డంగా వచ్చే కడ్డీ ఒకటి దొరుకుతుంది. లోపలి నుంచి తోస్తే ఎప్పుడైనా తెరుచుకుంటుంది, బయటి నుంచి తెరుచుకోదు. దానికి చిన్న హూటర్ తగిలిస్తే తలుపు తీసిన ప్రతిసారీ ఫ్లోర్ అంతా వినబడేలా మోగుతుంది. జిప్పు రోల్ పట్టుకుని మెట్లు దిగేవాడు రెండు మెట్లు కూడా దిగలేడు. కొత్త పవర్ మిషన్ ఒకటి కొనే ఖర్చు కూడా కాదు. నేను అమ్ముతాను కాబట్టి చెబుతున్నానని అనుకోవద్దు, అది అమ్మేది నేను కాదు, తాళాల షాపు వాళ్లు, ఫ్యాబ్రికేషన్ వాళ్లు. ఎక్కడైనా కొనుక్కోండి. కొనే లోపల ఈ రోజే చేయగలిగిన పని ఒకటుంది, దానికి ఖర్చు లేదు. పొద్దున షిఫ్ట్ మొదలయ్యే ముందు ప్రతి ఫ్లోర్‌లో ఒక టైలర్, ఒక హెల్పర్ వెళ్లి ఆ తలుపు తీసి, మెట్లు కింది దాకా దిగి, మళ్లీ ఎక్కి రావాలి. సూపర్‌వైజర్ వెళ్లకూడదు, పనిచేసేవాళ్లే వెళ్లాలి, రోజుకొకరు మారుతూ. రెండు నెలల్లో ఫ్లోర్ మొత్తానికి ఆ దారి కాళ్లకు అలవాటవుతుంది. తలుపు తెరుచుకోకపోతే ఆ రోజు కరెంటు వేయకూడదు. ఇది చెబితే ఒక ఓనర్ నవ్వాడు. ఇంకొకాయన ఒప్పుకున్నాడు, ఇప్పటికీ చేయిస్తున్నాడు. ఆయన దగ్గర వేస్ట్ మూటలు కూడా మెట్ల మీదకు రావడం మానేశాయి, రోజూ దిగే వాళ్ల కాళ్లకు అడ్డం కాబట్టి వాళ్లే ఒప్పుకోవడం లేదు.

మా ఆవిడకు ఈ మాట చెబితే ఒక సంగతి గుర్తుచేసింది. పీఎఫ్ డబ్బు యాభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా పూర్తిగా తీసుకోకూడదని కేంద్రం రూల్ తెచ్చినప్పుడు, 2016 ఏప్రిల్‌లో గార్మెంట్స్ ఆడవాళ్లు వేల మంది మిషన్లు వదిలి హోసూరు రోడ్డు, తుమకూరు రోడ్డు మీదకు వచ్చేశారు. ఏ పార్టీ పిలవలేదు, ఏ నాయకుడూ ముందు లేడు. రెండు రోజుల్లో ఢిల్లీ దిగొచ్చి రూల్ వెనక్కి తీసుకుంది. అలాంటి వాళ్లు తలుపు గురించి ఎందుకు అడగరు అన్నాను. "పీఎఫ్ ఎంత ఉందో చీటీలో కనిపిస్తుంది. తలుపు సంగతి ఎవరు చెప్పారు మాకు?" అంది. మడకశిర ఆమె అడిగిందీ అదే. కార్మికులకు సేఫ్టీ తెలియదు, చదువు లేదు అని మీటింగుల్లో పెద్దవాళ్లు అంటుంటారు. దారి ఎక్కడుందో వాళ్లకు ఎవరూ చూపించలేదంతే.

సంపాదకులు గారూ, నా అభ్యర్థన మీ రిపోర్టర్లకు. ఈసారి ఎక్కడ ఫ్యాక్టరీ కాలినా సిలిండర్లు ఎన్ని ఉన్నాయని అడిగే ముందు నాలుగు సంగతులు కనుక్కోమనండి. ఆ ఫ్లోర్‌కి దారులు ఎన్ని, ఆ సమయంలో ఎన్ని తెరిచి ఉన్నాయి, తాళం చెవి ఎవరి దగ్గర ఉంది, అది వాళ్ల దగ్గర ఎందుకు ఉంది. కాలిపోయాక అడిగితే అందరూ నీళ్లు నములుతారు. అందుకే కాలకముందే ఒకసారి, మీ బెంగళూరు ఎడిషన్ విలేకరి ఎవరైనా మామూలు రోజున పీణ్య వైపు వస్తే బాగుంటుంది. సరుకు కొనడానికి వచ్చినట్టు వచ్చి మూడో అంతస్తు దాకా ఎక్కి, వెనక తలుపు ఎక్కడ అని అడిగితే చాలు. ఫొటోలు అక్కర్లేదు, ఓనర్ పేర్లు అక్కర్లేదు. పది చోట్ల అడిగి ఎన్ని చోట్ల తలుపు తెరుచుకుందో రాయండి. కావాలంటే ఏ సందుల్లో తిరగాలో నేను చూపిస్తాను.

ఉత్తరం పెద్దదయింది, కత్తిరించినా పర్వాలేదు. కానీ పానిక్ బార్ గురించి, పొద్దున మెట్లు దిగి రావడం గురించి రాసిన ముక్క తీసేయొద్దని మనవి. నా పేరు మాత్రం వేయకండి. నా కస్టమర్లలో తెలుగు చదివే ఓనర్లు కొందరు ఉన్నారు, వచ్చే నెలలో వాళ్ల రీఫిల్లింగ్ ఉంది.

ఇట్లు,
ఫైర్ సిలిండర్ల రీఫిల్లింగ్ పనివాడు,
పీణ్య, బెంగళూరు